మోసగాళ్లకు మోసగాడికి బాణీ కట్టిన ఆదినారాయణరావు గారు

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ ఒక మహనీయుని జీవిత చరిత్ర వేయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి, గుర్రం జాషువా గారి గురించి మన తమ్ముళ్లు ఇదివరకే చక్కగా రాశారు. ఈసారి పూర్వ విద్యార్థుల తరఫున ఒక జీవిత చరిత్ర రాయమని అడిగినప్పుడు మేము ఒక సినిమా సంగీత దర్శకుని పేరు చెప్పాము. సంచిక పని చూస్తున్న తమ్ముళ్లు మొదట సందేహించారు. హాస్టల్ సంచికలో సినిమా మనిషి ఏమిటని వాళ్ల అనుమానం. ఆయనకు మేము ఇరవై ఏళ్లుగా ఒక బాకీ ఉన్నామని, ఆ కథ ఇదీ అని చెప్పాక ఒప్పుకున్నారు.

ముందు ఆ బాకీ సంగతి చెబుతాము.

అప్పుడు మేము ఆళ్లగడ్డ హాస్టల్‌లో తొమ్మిదో తరగతి. 2003వ సంవత్సరం. ఒక ఆదివారం స్టడీ హాలులో ఉన్న టీవీలో 'మోసగాళ్లకు మోసగాడు' సినిమా వచ్చింది. అన్నం గంట కొట్టినా ఎవరూ లేవలేదు. అంతవరకు మేము చూసిన సినిమాల్లో హీరో బస్సు దిగేవాడు, లేదా పొలం గట్టున వచ్చేవాడు. ఇక్కడ కృష్ణ గారు టోపీ పెట్టుకొని, నడుముకు తుపాకీ వేలాడేసుకొని ఎడారిలో గుర్రం మీద వచ్చారు. ఆ మరునాటి నుంచి హాస్టల్‌లో ఎక్కడ చూసినా ఈలలే. నీళ్ల తొట్టి దగ్గర ఈల, పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడ్డప్పుడు ఈల. ఒకడు రెండు కొబ్బరి చిప్పలతో డెక్కల చప్పుడు చేసేవాడు. ఇంకొకడు ట్రంకు పెట్టె మీద దరువు వేసేవాడు. వంట మనిషి కళ్లుగప్పి రెండో గుడ్డు కొట్టేసే మా మిత్రునికి నక్కజిత్తుల నాగన్న అని పేరు పెట్టాము. సినిమాలో నాగభూషణం గారి పాత్ర పేరు అది. ఆ మిత్రుడు ఇప్పుడు నంద్యాలలో గౌరవంగా ఉద్యోగం చేసుకుంటున్నాడు కాబట్టి అతని అసలు పేరు రాయడం లేదు.

బడికి పోయే దారిలో శిల్పుల పాకలు ఉండేవి. ఆళ్లగడ్డ శిల్పుల పేరు వినని వారు మన జిల్లాలో ఉండరు. రాతి మీద ఉలి దెబ్బలు టకటకమని పడుతుంటే మా ఈల దానికి సరిపోయేది. అట్లా నెల రోజుల్లో మాకంటూ ఒక బాణీ తయారైంది. ఆ ఏడాది వార్షికోత్సవంలో నలుగురం మెడకు తువ్వాళ్లు కట్టుకొని, అట్ట టోపీలు పెట్టుకొని దాన్ని ప్రదర్శించాము. చప్పట్లు బాగా పడ్డాయి.

ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు. నాటకాలకు హార్మోనియం వాయించిన అలవాటు ఉన్నవారు. మమ్మల్ని వేదిక దగ్గరకు పిలిచి ఆ సంగీతం ఎవరిదని అడిగారు. నలుగురం ఒక్క గొంతుతో కృష్ణ గారిదని చెప్పాము. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. మేము వేసిన ఈలలో సగం ఇటలీ దేశపు సినిమాలది, ఎక్కడో విని కలిపేసుకున్నాము, మిగతా సగం కాకినాడ నుంచి వచ్చిన ఆదినారాయణరావు గారిది అని చెప్పారు. సువర్ణసుందరి సినిమాలో రాగమాలిక కట్టింది కూడా ఆయనే అని, అనుభవించిన దాన్ని ఎవరు చేశారో తెలుసుకోవాలని చెప్పి పంపించారు.

మేము నమ్మలేదు. సువర్ణసుందరి పాటంటే మా జేజి రేడియోలో వింటూ కళ్లు మూసుకునే పాట. తుపాకుల సినిమా అంటే ట్రంకు పెట్టె దరువు. రెండూ ఒకే చేయి ఎట్లా చేస్తుంది? ఆ ప్రశ్న పదో తరగతి దాటి, నంద్యాల కాలేజీ హాస్టల్‌కు వచ్చి, ఉద్యోగాలలో పడినా మమ్మల్ని వదల్లేదు. తెలుసుకున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాము.

పి. ఆదినారాయణరావు గారు మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పుట్టినవారు. ఆయనను తయారు చేసింది కాకినాడ నాటకరంగం. అప్పటికి తెలుగు సినిమా ఇంకా కళ్లు తెరుస్తోంది. ఊళ్లో నాటకమే జనానికి వినోదం. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సంస్థ ఉండేది. తర్వాతి కాలంలో మహానటుడైన ఎస్.వి. రంగారావు గారు కూడా అక్కడ వేషాలు కట్టినవారే. ఆదినారాయణరావు గారు నాటకాలు రాసేవారు, ఆడించేవారు, వాటికి పాటలు కట్టేవారు. నాటకంలో సంగీతం కట్టడమంటే కచేరీ చేసినట్లు కాదు. రాజు రాకకు ఒక ధాటి కావాలి, దొంగ రాకకు ఇంకొకటి. తెర లేవడం ఆలస్యమైతే జనం గోల చేయకుండా ఏదో ఒకటి వాయించి కూర్చోబెట్టాలి. ఈ విద్య ఆయనకు ముప్పై ఏళ్ల తర్వాత ఎక్కడ పనికి వచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

ఆ నాటకాలలోనే పెద్దాపురం నుంచి వచ్చిన ఒక చిన్న అమ్మాయి నటించేది. ఆమెకు ఆటా పాటా నేర్పించింది ఆయనే. ఆమే మనందరికీ తెలిసిన అంజలీదేవి గారు. 1940లో వారి వివాహం జరిగింది. ఆ తర్వాత మద్రాసు చేరారు. అంజలీదేవి గారు వెండితెర మీద వెలిగిపోయారు. లవకుశలో సీతమ్మగా ఆమెకు హారతి పట్టిన ఇళ్లు మన సీమలో ఎన్నో. ఆమె పేరు పెరిగిన కొద్దీ చాలామంది నోట ఆయన అంజలీదేవి భర్తగానే మిగిలిపోయారు. మాకు తెలిసిన పెద్దవాళ్లను అడిగితే ఇప్పటికీ అట్లాగే చెబుతారు. ఇద్దరూ కలిసి నిలబెట్టిన సంస్థకు అంజలి పిక్చర్స్ అని భార్య పేరు పెట్టుకున్న మనిషికి అది బాధ అనిపించి ఉండదు. మాకు మాత్రం కొంచెం అన్యాయమనిపిస్తుంది.

1950లో వచ్చిన 'పల్లెటూరి పిల్ల' ఆయన తొలినాటి చిత్రాలలో చెప్పుకోదగ్గది. ఎన్.టి.ఆర్, ఎ.ఎన్.ఆర్ కలిసి నటించిన మొదటి సినిమా అది. పేరు పల్లెటూరి పిల్ల అయినా కథకు మూలం షెరిడన్ అనే ఇంగ్లీషు రచయిత నాటకం. అంటే పడమటి సరుకును తెలుగు బుట్టలో పెట్టడం ఆయనకు మొదటి నుంచీ అలవాటే. 1953లో అంజలి పిక్చర్స్ 'పరదేశి' తీసింది. 1955లో 'అనార్కలి' తీసింది. అనార్కలి గురించి ఒక మాట ఉన్నదున్నట్లు చెప్పాలి. అందులో జిక్కి గారు పాడిన ప్రసిద్ధమైన పాట ఆయన సొంత బాణీ కాదు. 1953లో వచ్చిన హిందీ అనార్కలికి సి. రామచంద్ర గారు కట్టిన బాణీని తీసుకున్నారు. అదే సినిమాలో ఘంటసాల, జిక్కి గార్లు పాడిన యుగళగీతం మాత్రం ఈనాటికీ పెద్దల నోట వినిపిస్తుంది. అరువు ఉంది, ఆస్తి కూడా ఉంది.

రెండేళ్లకే ఆ అరువుకు మించి ఇచ్చారు. 1957లో 'సువర్ణసుందరి' వచ్చింది. వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వం. సముద్రాల సీనియర్ గారు రాయగా ఘంటసాల, జిక్కి గార్లు పాడిన రాగమాలిక అందులోనిదే. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ అనే నాలుగు రాగాల గుండా ఆ పాట నడుస్తుంది. అతుకు కనపడదు. సంగీతం రాని మా బోటి వాళ్లకు కూడా ఒక గదిలో నుంచి ఇంకొక గదిలోకి పోయినట్లు వెలుగు మారడం తెలుస్తుంది. హిందీలో కూడా ఆ సినిమా తీశారు. అదే బాణీని లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడారు. బొంబాయి బాణీలు మద్రాసుకు దిగుమతి అయ్యే రోజుల్లో ఒక తెలుగువాని బాణీ ఎదురు ప్రయాణం చేసి ఉత్తరాది జనం పాటైపోయింది.

1960లలో తెలుగు, తమిళ, హిందీ భాషల్లో పనిచేశారు. 'స్వర్ణమంజరి', 'సతీ సక్కుబాయి' ఆ కాలానివి. 1964లో 'ఫూలోం కీ సేజ్' అని హిందీ సినిమాకు కూడా సంగీతం ఇచ్చారు. జానపదం, పౌరాణికం, భక్తి, ఈ దారిలోనే ఆయన పోతారని అందరూ అనుకొని ఉంటారు. అప్పటికి వయసు యాభై దాటింది.

ఇక్కడ కొంచెం ఆగి పడమటి దేశాల గుర్రపు సినిమాల సంగీతం గురించి చెప్పాలి. లేకపోతే 1971లో ఆయన ముందు పడిన పని ఎంత కొత్తదో మన తమ్ముళ్లకు అర్థం కాదు.

1952లో అమెరికాలో 'హై నూన్' అనే సినిమా వచ్చింది. దానికి సంగీతం దిమిత్రి తియోంకిన్. సినిమా మొదలు కాగానే ఒక పాట వస్తుంది. వీరుని కష్టమంతా ఆ పాటలోనే ఉంటుంది. కథ నడుస్తున్నంతసేపు అదే బాణీ మళ్లీ మళ్లీ వెనుక వినిపిస్తుంది. ఆ చిత్రానికి పాటకూ సంగీతానికీ రెండు ఆస్కార్ బహుమతులు వచ్చాయి. ఈ పద్ధతి మనకు కొత్త కాదు. ఆళ్లగడ్డకు దగ్గరలోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గారు 1846లో తెల్లదొరల మీద తిరగబడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో ఉరి తీశారు. ఆయన కథను పాటగా కట్టి తరతరాలుగా మన పల్లెల్లో పాడుకున్నారు. గుర్రం మీద వీరుడు, వెనుక ఒక బాణీ. సినిమా పుట్టకముందే మన దగ్గర ఉన్న సంగతి ఇది.

తియోంకిన్ అమెరికాలో పుట్టినవాడు కాదు. ఉక్రెయిన్ దేశస్థుడు. ఆ తర్వాత గుర్రపు సినిమాల సంగీతాన్ని తలకిందులు చేసిన ఎన్నియో మోరికోనే రోము నగరం మనిషి. దర్శకుడు సెర్జియో లియోనే, ఆయన చిన్ననాడు ఒకే బడిలో చదువుకున్నారు. 1964లో వారిద్దరూ కలిసి 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' చేశారు. ఆ కథ కూడా కురొసావా అనే జపాను దర్శకుని 'యొజింబో' నుంచి తీసుకున్నదే. అమెరికా ఎడారి అని చూపించినదంతా ఎక్కువగా స్పెయిన్‌లో తీసింది. డబ్బు తక్కువ. పెద్ద వాద్యబృందాన్ని పెట్టుకునే స్తోమత లేదు. అందుకని మోరికోనే ఈల వేయించారు. అలెస్సాండ్రోని అనే ఆయన వేసిన ఈల అది. కొరడా దెబ్బ, సుత్తి దెబ్బ, గంట, ఎలక్ట్రిక్ గిటారు, అన్నీ సంగీతంలో కలిపేశారు. 1965లో వచ్చిన 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' సినిమాలో పళ్ల మధ్య పెట్టుకొని మీటే ఒక వాద్యం వినిపిస్తుంది. మన కచేరీల్లో వాయించే మోర్సింగ్ కూడా ఆ జాతిదే. 1966 నాటి 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'లో అయితే తోడేలు జాతి జంతువు అరుపే బాణీ అయింది. ఆ ఒక్క అరుపును మంచివానికి ఒక వాద్యంతో, చెడ్డవానికి ఒక వాద్యంతో, ముతకవానికి మనుషుల గొంతులతో వినిపించారు.

ఇది చదివినప్పుడు మాకు కొబ్బరి చిప్పలు, ట్రంకు పెట్టె గుర్తుకు వచ్చి నవ్వుకున్నాము. లేమిలో మేము చేసిన పని రోములో పెద్దలు కూడా చేశారన్నమాట.

ఇక మన కథకు వద్దాము. కృష్ణ గారు, ఆయన తమ్ముళ్లు పద్మాలయా సంస్థ పెట్టి మొదట తీసిన 'అగ్నిపరీక్ష' ఆడలేదు. రెండోసారి ధైర్యం చేసి గుర్రపు సినిమా తీద్దామనుకున్నారు. అప్పటికి 'మెకన్నాస్ గోల్డ్' మన దేశంలో బ్రహ్మాండంగా ఆడింది. ఆరుద్ర గారు ఆ ఇటలీ సినిమాల నుంచి, మెకన్నాస్ గోల్డ్ నుంచి ఘట్టాలు ఏరుకొని, తెల్లదొరల కాలం నాటి తెలుగు సంస్థానం, దాని నిధి అనే కథలో కూర్చారు. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ గారు. ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామి గారు. రాజస్థాన్ ఎడారికి పోయి తీశారు. సంగీతానికి పిలిచింది ఎవరిని? కుర్రవాడినెవరినో కాదు, రాగమాలికల ఆదినారాయణరావు గారిని!

ఆయన కాదనలేదు. ఇదే మాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే విషయం. తనంతటి విద్వాంసుడు తుపాకుల సినిమాకు పనిచేయడం చిన్నతనమనుకోలేదు. ఆ రోజుల్లో నేపథ్య సంగీతం చేయడమంటే తెర మీద రీలు ఆడుతుంటే, దాన్ని చూస్తూ వాద్యబృందమంతా ఒకేసారి వాయించాలి. ఒకరు తప్పితే మళ్లీ మొదటికి రావాలి. పాటైతే రాసే కవి ఉంటాడు, పాడే గాయకుడు ఉంటాడు, పేరు ముగ్గురూ పంచుకుంటారు. మాట లేని చోట, వీరుడు ఊరికే నిలబడి చూస్తున్న చోట, బరువంతా సంగీత దర్శకుని మీదే పడుతుంది. కాకినాడ నాటకాల్లో రాజు రాకకు, దొంగ రాకకు వేరువేరుగా కట్టిన అనుభవం ఇక్కడ పనికి వచ్చిందని మా నమ్మకం. గుర్రం మారింది, తెర మారింది, రాక మాత్రం అదే.

పడమటి సినిమాల ఛాయ ఆ సంగీతం మీద లేదని మేము అనడం లేదు. ఉంది. మాస్టారు చెప్పినట్లు చెవి ఉన్నవారికి తెలిసిపోతుంది. కథే అరువు తెచ్చుకున్నప్పుడు సంగీతం ఒక్కటి పూర్తిగా ఇంట్లో పండించమనడం న్యాయమా? అయినా ఆ సినిమాలోని పాటలు వినండి. అవి తెలుగు పాటలు. టోపీ పెట్టుకున్నా మీసం మనదే. ఎడారి బాణీ కట్టడానికి ఎడారిలో పుట్టాలనుకుంటే తియోంకిన్ పనికిరాడు, మోరికోనే పనికిరాడు. కాకినాడ వారు మాత్రం ఎందుకు పనికిరారు?

1971 ఆగస్టు 27న సినిమా విడుదలైంది. దేశంలో కౌబాయ్ సినిమాలకు దారి వేసిన చిత్రంగా పేరు తెచ్చుకుంది. తమిళంలోకి, హిందీలోకి, ఇంగ్లీషులోకి కూడా పోయింది. పత్తి బండ్లతో నంద్యాల వచ్చి, రాత్రికి ఉండిపోయి ఆట చూసి పోయిన సంగతి మా నాయనలు ఇప్పటికీ చెప్పుకుంటారు. చూసినవారంతా కృష్ణ గారి పేరు చెబుతారు, గుర్రం సంగతి చెబుతారు. బాణీ కూనిరాగం తీస్తారు కూడా. బాణీ కట్టినవారి పేరు చెప్పిన వారిని మేము ఇంతవరకు ఆ మాస్టారిని తప్ప చూడలేదు.

ఆ తర్వాత 1973లో ఆదినారాయణరావు గారు మళ్లీ తమ సొంత గడప తొక్కారు. అంజలి పిక్చర్స్ 'భక్త తుకారాం' తీసింది. నాగేశ్వరరావు గారు తుకారాం. శివాజీ గణేశన్ గారు ఛత్రపతి శివాజీగా కనిపిస్తారు. రెండేళ్ల కింద తుపాకీ మోతలకు వాయిద్యాలు కూర్చిన చేయి అభంగాలకు తాళం పట్టింది. వెంటనే 1974లో పద్మాలయా వారు మళ్లీ పిలిచారు. ఈసారి 'అల్లూరి సీతారామరాజు'. తెలుగులో మొట్టమొదటి సినిమాస్కోప్ చిత్రం, కృష్ణ గారికి నూరో చిత్రం. అందులో శ్రీశ్రీ గారు రాసిన పాటకు జాతీయ ఉత్తమ గేయ రచయిత బహుమతి వచ్చింది. తెలుగు పాటకు ఆ గౌరవం రావడం అదే మొదలు. శ్రీశ్రీ గారి మాట బహుమతి తెచ్చింది, నిజమే. ఆ మాటను ప్రతి బడి పిల్లవాని నోటికి చేర్చింది ఆదినారాయణరావు గారి బాణీ. మన హాస్టల్‌లో ఆగస్టు 15న ఆ పాట పాడని ఏడాది మాకు గుర్తు లేదు. అక్కడ కూడా గుర్రాలున్నాయి, తుపాకులున్నాయి, కొండల్లో పోరాటం ఉంది. మోసగాళ్లకు మోసగాడు లేకుండా అల్లూరి యుద్ధ ఘట్టాలు అట్లా వచ్చేవి కావని మా అభిప్రాయం. ఇది మా ఊహ మాత్రమే, ఎవరైనా కాదంటే వాదించము.

1976లో 'మహాకవి క్షేత్రయ్య' చేశారు. ఆ తర్వాత పనులు తగ్గాయి. ఆయన దగ్గర సహాయకునిగా పనిచేసిన చెళ్లపిళ్ల సత్యం గారు అప్పటికి పెద్ద సంగీత దర్శకులైపోయారు. తెలుగులోను, కన్నడంలోను ఊపిరి సలపనంత పని సత్యం గారిది. గురువు గారు వెనుక వరుసలోకి వెళ్లారు. 1991లో మద్రాసులో కన్నుమూశారు. అంజలీదేవి గారు 2014 జనవరిలో వెళ్లిపోయారు. కృష్ణ గారు 2022 నవంబరులో పోయాక, 2023 మే 31న ఆయన పుట్టినరోజుకు 'మోసగాళ్లకు మోసగాడు' కొత్త ప్రింటుతో మళ్లీ విడుదలైంది. మాలో కొందరం చూసి వచ్చాము. తలలు నెరిసినా ఈల మాత్రం పోలేదని తెలిసింది.

టైటిల్స్ పడుతున్నప్పుడు ఈసారి ఈల వేయకుండా కూర్చొని సంగీతం పేరు వచ్చేదాకా చూశాము. తెర మీద ఆ పేరు ఉన్నది కొన్ని క్షణాలే. మా పక్క సీటు అబ్బాయి అప్పుడే సెల్‌ఫోను తీసి చూసుకుంటున్నాడు.

ఆ మాస్టారు ఇప్పుడు లేరు. ఆయనకు చెప్పవలసిన జవాబు ఆలస్యమైంది. ఈ ఏడాది వార్షికోత్సవానికి ఎనిమిదో తరగతి పిల్లలు మళ్లీ ఆ ఈల పాట వేస్తున్నారని వార్డెన్ సారు చెప్పారు. కొబ్బరి చిప్పలు, ట్రంకు పెట్టె మామూలే. మైకులో చదవడానికి ఒక చీటీ రాసి పంపాము. అందులో రెండు పేర్లు ఉన్నాయి. సగం ఈల రోము వాసి మోరికోనే గారిది, సగం కాకినాడ నుంచి వచ్చిన పెండ్యాల కాదు, సాలూరి కాదు, పి. ఆదినారాయణరావు గారిది. చదివే తమ్ముడు ఆ పేరు తడబడకుండా పలకాలని రెండుసార్లు చదివించి చూడమని సారును కోరాము.